కోటమ్మ ముఖం

చాంద్‌పాషా పెన్సిల్ పట్టిన ఇరవై ఏళ్లూ సికింద్రాబాదులో ఎవరికీ వయసు మీద పడలేదు. ఈ మాట కాస్త ఎక్కువైందనిపిస్తే, ఆ రోజుల్లో గడియార స్తంభం దగ్గర ఆర్థర్ గారి స్టూడియోలో ఫోటో దిగినవాళ్ల ఇళ్లకు వెళ్లి గోడలు చూడండి. పెళ్లికొడుకుల బుగ్గల మీద మొటిమలుండవు. షష్టిపూర్తి దంపతుల కళ్ల కింద చారలుండవు. మశూచి వచ్చి బతికి బయటపడ్డవాళ్ల ముఖాలు సైతం వెన్న రాసినట్టుంటాయి. అదంతా దేవుడి దయ అనుకునేరు, చాంద్‌పాషా దయ.

ఆ పనిని టచప్ అనేవారు. నెగెటివ్‌ను వాలుబల్లకు ఆనించి, వెనక నుంచి వెలుతురు పడేట్టు చూసుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది గీతలు పూడ్చాలి. మనిషి ముఖం మీద ముడత ఉన్నచోట నెగెటివ్‌లో వెలుతురు సన్నగా కారుతుంది. ఆ సందు మూసేస్తే ఫోటోలో ముడత మాయం. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే మాత్రం చెయ్యి ఒక్క వెంట్రుకవాసి తప్పినా ముఖం మీద సున్నం చుక్క పెట్టినట్టవుతుంది. చాంద్‌పాషా చెయ్యి తప్పినట్టు ఎవరూ చెప్పుకోలేదు.

వాళ్లది జనగామ. తండ్రి పోయాక తల్లి రసూల్ బీ పిల్లవాణ్ణి తీసుకుని సీతాఫల్‌మండికి వచ్చేసి, గాజుల గంప నెత్తికెత్తుకుంది. ఆర్థర్ గారి భార్యకు గాజులు తొడుగుతూ తొడుగుతూనే కొడుకు సంగతి చెప్పి స్టూడియోలో పనికి పెట్టింది. తొడిగించుకునేవాళ్ల చెయ్యి తన చేతిలో ఉన్నప్పుడు అడిగిన పని కాకుండా పోదని ఆమె నమ్మకం. ఆర్థర్ గారు మంచివాడే. "కస్టమర్ తన ముఖం కోసం రాడు పాషా, తన ముచ్చట కోసం వస్తాడు" అని మొదటి రోజే చెప్పాడు. ఆ మాట కుర్రవాడి కళ్లలోకి వెళ్లి కూర్చుంది. తరవాత తరవాత పెన్సిల్ లేకపోయినా ఆ కళ్లు పని చేస్తూనే ఉండేవి. బస్సులో ఎదుటి సీటు మనిషిని చూస్తే ముడతలు లేకుండానే కనిపించేవాడు.

తరవాత రంగుల ఫోటోలొచ్చాయి. ఫిల్మును ల్యాబుకి పంపి సాయంత్రానికల్లా బొమ్మలు తెచ్చుకునే రోజులు. పెన్సిల్‌తో పూడ్చేవాడి అవసరం ఎవరికీ లేకుండా పోయింది. ఆర్థర్ గారు స్టూడియో మూసేశారు. వేరేవాడైతే ఆ దెబ్బకు కుంగిపోయేవాడు. చాంద్‌పాషా మర్నాడే తీరిక వేళల్లో తను గీసుకున్న బొమ్మల కట్ట చంకన పెట్టుకుని పద్మారావు నగర్‌లో జీవరాజు గారి ప్రెస్సు మెట్లెక్కాడు. నలభై దాటాక కొత్త పని అడగడానికి మెట్లెక్కడం చిన్న విషయమేం కాదు. అతనిలో మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి గానీ మొదట మెచ్చుకోవలసింది ఇదే.

జీవరాజు గారిది గుంటూరు వైపు. పెళ్లి శుభలేఖలు, చర్చి క్యాలెండర్లు అచ్చు వేసేవాడు. మనవాళ్లకూ ఒక సాహసవీరుల జట్టు ఉండాలి, నెలనెలా బొమ్మల పుస్తకంగా రావాలి అన్నది ఆయన పిచ్చి. మొదట 'మెరుపు దళం' అని పేరు పెట్టాడు. దళమంటే ఏ దళమని పోలీసులొచ్చి కూర్చుంటారని నలుగురూ హడలగొట్టాక 'మెరుపు జట్టు' అయింది. జట్టులో అయిదుగురు. నాయకుడు వజ్ర, ఎగిరే గరుడ, నీళ్లను ఆడించే జలజ, కన్ను మూసి తెరిచేలోగా ఊరు చుట్టివచ్చే చిన్నవాడు చిటికె, ఆపైన కోటమ్మ. కోటమ్మ పని అందరికన్నా ముందు నిలబడి దెబ్బలు కాయడం. గుండ్లు, బండలు, కూలే గోడలు అన్నీ ఆమె మీదే పడేవి. చీర చెంగు కూడా నలిగేది కాదు.

బొమ్మలు చాంద్‌పాషావి. రెండేళ్లు బాగానే నడిచింది. కథలు మాత్రం డోరా టీచర్ చేతికొచ్చాకే కథల్లా తయారయ్యాయి. ఆవిడ మిషన్ బళ్లో తెలుగు చెబుతుంది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఆవిడ పట్టుబడితే జీవరాజు గారంతటివాడు కూడా కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు.

ఒకనాడు జీవరాజు గారు ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

"కోటమ్మను చంపేద్దాం" అన్నాడు, క్యాలెండర్‌లో ఆదివారం మార్చినంత తేలిగ్గా. "పుస్తకాల షాపుల వాళ్లంతా ఒకటే అంటున్నారు. ఆవిడ మనిషి కాదు, ప్రహరీ గోడంట. వచ్చే సంచికలో పోతుంది. ఆ పై నెల నుంచి ఒక కుర్రాణ్ణి దింపుదాం. కండలవీ ఉండాలి."

 అయిదుగురిలోనూ చాంద్‌పాషా ప్రేమగా గీసేది కోటమ్మనే. ఆమె నిలబడే తీరు, నడుం మీద చెయ్యి వేసే తీరు, భుజాలు, అన్నీ రసూల్ బీవి. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. 

డోరా టీచరే అందుకుంది. "గోడలా ఉందంటే తప్పు ఆవిడది కాదండీ, మనది. ఇన్ని సంచికల్లో ఆవిడకు ఒక్కసారైనా నొప్పి పుట్టించామా? ఒక్క సంచిక నాకివ్వండి. ఆవిడ ఓడిపోతుంది. ఓడిపోయి మనిషవుతుంది. అప్పటికీ మీకు నచ్చకపోతే చంపుకోండి, నేనే రాసిస్తాను."

"ఒక్కటే సంచిక" అన్నాడు జీవరాజు గారు వేలు చూపిస్తూ.

కథ వారంలో వచ్చింది. చెరువు కట్ట తెగబోతుంది. కోటమ్మ వీపు ఆనించి ఆపుతుంది. ఎన్నడూ లేనిది, ఒక్క రెప్పపాటు ఆమె కాళ్లు జారతాయి. నీళ్లు చిటికెను ఈడ్చుకుపోతాయి. బతుకుతాడు గానీ కాలు విరుగుతుంది. ఆ తరవాత కోటమ్మ జట్టు వదిలి ఒక ఇంట్లో ముడుచుకుని కూర్చుంటుంది. చివరికి మళ్లీ కట్ట తెగబోతే లేచి వస్తుంది. మధ్యలో కొన్ని పేజీలకు డోరా టీచర్ ఒక్క మాట కూడా రాయలేదు.

"ఇక్కడ మాటలు లేవు పాషా గారూ. అంతా ఆవిడ ముఖంలోనే కనపడాలి" అంది.

చాంద్‌పాషా గీశాడు. టీచర్ చూసి పెదవి విరిచింది. మళ్లీ గీశాడు. మళ్లీ పెదవి విరిచింది. ప్రతిసారీ కోటమ్మ అప్పుడే నిద్రలేచి ముఖం కడుక్కున్నట్టుంది.

"నుదుటి మీద గీతలు పెట్టానన్నారు. ఏవండీ?"

అతను అట్ట వెలుతురుకి పట్టి చూసుకున్నాడు. గీతలు గీసిన మాట నిజమే. వాటి మీద తెల్ల రంగు పూసిన మాట కూడా నిజమే. ఎప్పుడు పూశాడో తనకే తెలియలేదు. బొమ్మ పూర్తయ్యాక ముఖాన్ని ఒకసారి శుభ్రం చెయ్యడం చేతికి అలవాటు, అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు. అతనికి సిగ్గేసింది. కోటమ్మను చంపేది జీవరాజు గారు కాదు, తన చెయ్యేనని ఆ క్షణాన తెలిసింది.

"టీచరమ్మా, తెల్ల రంగు సీసా మీ తాన పెట్టుకోండ్రి" అని ఇచ్చేసి ఇంటికి పోయాడు.

సీసా పోయినంత మాత్రాన ముఖం ఎక్కడినుంచి వస్తుంది? ఓడిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. స్టూడియోకి ఎవరూ ఓడిపోయి రారు కదా. ఆదివారం మధ్యాహ్నం రసూల్ బీ గంప దించి, గాజులకు బట్ట కప్పుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, జెర గిట్లనే కూసో. నీ ముఖం చూసి గీస్త."

"నువ్వు గీసేది ఎగిరేటోళ్లను గదరా. నా ముఖం ఏందీ?"

"గందుల ఒక ఆడామె ఉన్నది. మస్తు బలం ఉన్నామె. ఒకపాలి ఓడిపోతది. అప్పుడు ముఖం ఎట్లుంటదో నాకు సమజైతలేదు."

"నాకు తెలుసని నీకు ఎవలు చెప్పిన్రు?"

చాంద్‌పాషా కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. రసూల్ బీ నవ్వింది. నవ్వి, గంప మీది బట్ట సర్దుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"నువ్వు చిన్నగున్నప్పుడు ఒక పెండ్లింట్ల గాజులు తొడగబోయిన. నా చేతుల గాజు పగలదని అందరికీ ఎరికే. ఎంత బిగువు చెయ్యైనా సరే, నాకు పేరు. ఆ పెండ్లిపిల్లకు తొడుగుతుంటె గాజు పటుక్కుమన్నది. పిల్ల మణికట్టు తెగి నెత్తురొచ్చింది. పెండ్లినాడు, బేటా. గాజు పగులుడు, నెత్తురు. ఇంటోళ్లు ఒర్రిన్రు. పిల్ల మాత్రం ఏమనలే, నా దిక్కు చూసింది. గంతే. గంప ఎత్తుకొని వచ్చిన."

"నాకు చెప్పలే."

"జరమని చెప్పిన. నాకు జరం లేదు, చేతులు వణుకుతుండె. గంప నిండ గాజులు పెట్టుకొని ఇంట్ల కూసున్న. ఎవల చెయ్యి చూసినా నెత్తురే కనపడుతుండె."

చాంద్‌పాషాకు ఆ రోజులు గుర్తొచ్చాయి. అమ్మ ఇంట్లోనే ఉందని తను సంబరపడ్డాడు.  అమ్మ ఏడుస్తుందేమోనని చూశాడు. ఆమె ఏడవలేదు. కనుబొమలు ముడవలేదు. పెదవి చివర ఒక గీత మాత్రం కిందికి దిగి, అక్కడే ఆగింది. కళ్లు గాజుల మీదే ఉన్నాయి. అతని పెన్సిల్ పరుగెత్తింది.

"మల్ల ఎట్ల పోయినవు?"

"ఆ పిల్లనే పిలిపించింది. కడుపుతోటున్నది. సీమంతం గాజులు రసూల్ బీనే తొడగాలన్నదంట. అత్త వద్దన్నా వినలే."

"అప్పుడు భయం పోయిందా?"

"యాడ పోతదిరా? చేతులు ఉన్నంత దాంక భయం ఉంటది. పోయెదాంక కూసుంటె ఇయ్యాల్టికీ కూసునే ఉందును. వణుకుకుంటనే తొడిగిన. ఒక్కటి సుత పగలలే."

అతను గీసింది చూపించాడు. ఆమె బొమ్మను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. "ముక్కు మంచిగొచ్చింది" అని ఇచ్చేసి చాయ్ పెట్టడానికి లేచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రసూల్ బీకి చిన్నప్పుడే మశూచి వచ్చింది. నుదుటి నుంచి గడ్డం దాకా మచ్చలు. ఆమెను ఒక్కసారి చూసినవాళ్లు మొదట చెప్పే గుర్తు అదే. బొమ్మలో అవి లేవు. కావాలని వదిలేశాడనుకుంటే పాపం. కొడుకు కళ్లకు అవి ఏనాడూ ఆనలేదు, అంతే. చూస్తూ చూస్తూనే పూడ్చేసే కళ్లు మరి.

మర్నాడు అతను డోరా టీచర్ దగ్గరకు వెళ్లి ఒక్కటే అడిగాడు.

"ఆఖరి పేజీల కోటమ్మ 'నా భయం చచ్చింది' అంటది గదా. ఆ మాట తీసేద్దామా? చేతులు వణుకుతుంటనే కట్ట ఆపినట్టు గీస్త."

టీచర్ కలం తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. "రాస్తున్నప్పుడే నాకు నచ్చలేదండీ. వేరే ఏం రాయాలో తోచక రాశాను" అంది. ఆవిడ కళ్లు మెరిశాయి. కొత్త పేజీలు చూశాక ఇక పెదవి విరవలేదు.

కోటమ్మ గట్టెక్కినట్టే అనుకున్నారు ఇద్దరూ. కానీ ఆ ప్రెస్సులో బొమ్మ అచ్చుకి వెళ్లే ముందు ఇంకో గడప దాటాలి. పేజీని పెద్ద కెమెరాతో ఫిల్ము తీస్తారు. నల్లటి ఫిల్ము మీద గీతలు మాత్రమే తెల్లగా మెరుస్తాయి. దుమ్ము పడ్డచోట కూడా చిన్న చిన్న చుక్కలు మెరుస్తాయి. కింద దీపం ఉన్న గాజు బల్ల మీద ఫిల్ము పరిచి, కుంచెతో ఎర్రరంగు పెట్టి ఆ చుక్కలు మూసెయ్యాలి. లేకపోతే ప్రతి చుక్కా అచ్చులో నల్ల మచ్చ అవుతుంది. ఆ పని కూడా చాంద్‌పాషాదే. పెన్సిల్ బదులు కుంచె, అంతకుమించి తేడా లేదు.

అది ఎండాకాలం. కరెంటు వస్తూ పోతూ ఉంది. కిటికీలు మూస్తే ఉడుకు, తీస్తే పక్క సందులో ఎవరో ఇల్లు కూలగొడుతున్న దుమ్ము. ఫిల్ములు వచ్చాయి. వజ్ర మీద, గరుడ మీద, ఆకాశం నిండా చుక్కలు. చాంద్‌పాషా వరసగా మూసుకుంటూ పోయాడు. చెయ్యి హాయిగా సాగింది. పాత స్నేహితుడు కలిసినట్టు కూనిరాగం కూడా తీశాడు. కోటమ్మ ముఖం దగ్గరకొచ్చి అలాగే నాలుగు చుక్కలు మూశాడు. అయిదోది చుక్క కాదు. పెదవి చివర దిగి ఆగిన గీత.

కుంచె పైకెత్తేసరికే గీత సగం ఎర్రరంగు కింద ఉంది.

 సీసా టీచర్‌కిచ్చి వచ్చాడు గానీ చేతిని ఎవరికిస్తాడు? దూది తడిపి, ఊపిరి బిగబట్టి తుడిచాడు. గీత మళ్లీ మెరిసింది. దాంతోపాటు మూసిన నాలుగు చుక్కలూ మెరిశాయి. ఇప్పుడు ఆ ముఖం మీద ఏది దుమ్మో ఏది గీతో పోల్చుకోవడం కష్టంగా ఉంది. కళ్ల కింద సన్నగా గీసినవి ఎన్నో. వాటి పక్కనే చుక్కలెన్నో. ఒక్కటి మూయబోతే రెండోది పోతుంది. తన చేతిని నమ్మి ఇరవై ఏళ్లు ఊరంతా ముఖాలు అప్పగించింది. అతను మాత్రం ఆ చేతిని ఆ పూట నమ్మలేదు. కుంచె కడిగి పక్కన పెట్టేశాడు. కోటమ్మ ముఖం ఉన్న ప్రతిచోటా దుమ్ముతోనే వదిలేశాడు. చేతినిండా పనితనం ఉన్నవాడికి చెయ్యి ముడుచుకుని కూర్చోవడమెంత కష్టమో పనివాళ్లకు తెలుస్తుంది.

మిషను తిరిగింది. మొదటి కాగితం చేతిలోకి తీసుకున్న జీవరాజు గారు కేకేశాడు. మిషను ఆగింది.

"ఏమయ్యా పాషా! ఏంటీ మచ్చలు? మిగతా నలుగురూ అద్దాల్లా ఉన్నారు, ఈవిడ ముఖం మీద మాత్రం దుమ్ము తుడవలేదే? చేతులు పడిపోయాయా?"

"తుడవలే సార్. తుడుస్తే ముఖం సుత పోతది."

"మళ్లీ ఫిల్ము తీయించు."

"తీస్తే నేను మల్ల తుడుస్త సార్. నా చెయ్యి సంగతి నాకు తెలుసు. ముట్టుకోకుండ్రి."

యజమాని ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి. మిషను మీది కుర్రాళ్లు నోళ్లు తెరిచారు. డోరా టీచర్ తలుపు దగ్గర నిలబడి ఉంది. జీవరాజు గారు తిట్టడానికి మళ్లీ కాగితం మీదకు కళ్లు దించాడు. దించి, అక్కడే ఉండిపోయాడు. మాటల్లేని పేజీలన్నీ తిప్పాడు. కోటమ్మ ఇంట్లో ముడుచుకుని కూర్చుని ఉంది. వణికే చేతులతో కట్టకు వీపు ఆనించింది.

"ఈవిడ నాకు తెలుసయ్యా" అన్నాడు మెల్లగా. "ఎక్కడో చూశాను ఈవిణ్ణి."

కాసేపటికి కుర్రాళ్ల వైపు తిరిగి, "చూస్తారేంటి, తిప్పండి" అన్నాడు. కండల కుర్రాడి ఊసు ఆ ప్రెస్సులో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పుస్తకం కుట్టగానే చాంద్‌పాషా ఒకటి తీసుకుని ఇంటికి పోయాడు. రసూల్ బీకి చదువు రాదు. బొమ్మలు చూసుకుంటూ పేజీలు తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగి, కోటమ్మ బుగ్గ మీద వేలు పెట్టింది. తరవాత అదే వేలు తన బుగ్గ మీద పెట్టుకుంది.

"ఈమెకు సుత అమ్మోరు పోసిందారా?" అంది.  "గిన్నేండ్లకు చూసినవా, బేటా?"

చాంద్‌పాషా తల్లి ముఖం చూశాడు. మచ్చలు కనిపించాయి. నుదుటి మీద, బుగ్గల మీద, గడ్డం దాకా. ఇన్నేళ్లూ ఇవెక్కడున్నాయని దిమ్మెరపోయాడు. అవునమ్మా, చూసే గీశానంటే సరిపోయేది. ఆమె ఎంత పొంగిపోయేదో! కానీ అతను ఆ ఒక్క మాటను తుడిచి నున్నగా చెయ్యలేకపోయాడు.

"నేను గీయలేదమ్మా. అది దుమ్ము" అన్నాడు, తల దించుకుని.

రసూల్ బీ మళ్లీ బొమ్మ చూసింది. తల ఊపింది.

"దుమ్మైతె దుమ్మే గానీ" అంది, "నీ చేతికి దొరికి సుత బతికింది. నువ్వు తుడవలే."

ఆ మాటకు అతను ఏడ్చాడు. సిగ్గుపడకుండా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడుపు ఆగాక ముఖం తుడుచుకుని, పీట తెచ్చి ఆమె ఎదురుగా వేసుకున్నాడు. వచ్చే సంచికలో కోటమ్మ ఉంది. మచ్చలు ఉన్నచోటే ఉండాలి కదా.

"అమ్మా, జెర కిటికీ దిక్కు తిరుగు" అన్నాడు. ఎడమ బుగ్గ మీద మొదటి మచ్చ నుంచి మొదలుపెట్టాడు.